ఈ నెల నాకు నచ్చినవి: అయిదు వందల రూపాయల పద్దు

సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అయి, మళ్ళీ మామూలు కూరా చారుల్లో పడిపోయి ఉంటారు. నా పరిస్థితీ అంతే.

ప్రతి నెలా ఈ పేజీలో నాకు నచ్చిన వస్తువులు నాలుగు, చదివిన పుస్తకం ఒకటి, తిన్న రుచి మరొకటి మీతో చెప్పుకుంటుంటాను కదా. ఈసారి కూడా ఆ జాబితా వేసుకుందామని కూర్చునేసరికి, జనవరి మొదటి వారంలోనే ఒక సోదరి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఊరూ పేరూ రాయొద్దన్నారు, అందుకని రాయడం లేదు. ఉత్తరం మాత్రం చిన్నదే.

"అమ్మా, మీకు నచ్చినవన్నీ ప్రతి నెలా రాస్తారు. చదువుతుంటే బాగానే ఉంటుంది. కానీ నా చేతిలో పది రూపాయలు కనిపిస్తే, ఎక్కడివని మా ఇంట్లో అడుగుతారు. కూరగాయల్లో మిగిలిన చిల్లరకి కూడా లెక్క చెప్పాలి. నాకు పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. నాకేం ఇష్టమో నేనే మరిచిపోయాను. మీ పేజీ మాలాంటి వాళ్ళకి కాదేమో."

చదివి మడిచి సొరుగులో పెట్టేశాను. పెట్టేశాను గానీ, ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఎందుకంటారా? ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మా ఇంట్లో నన్ను లెక్కడిగేవాళ్ళు లేరు. ఈ పేజీ రాసినందుకు నాలుగు డబ్బులు నా చేతికీ వస్తాయి. అయినా సరే, పదిహేను వందలు పెట్టి చీర కొంటే మా వారితో "తొమ్మిది వందలేనండీ, తగ్గింపు ధరలో వచ్చింది" అనడం నాకు కొత్త పెళ్ళికూతురి రోజుల నుంచీ అలవాటు. ఆయన ఎప్పుడూ కోప్పడలేదు. మరి ఎవరికి భయపడి ఆ అబద్ధం? మా అమ్మ కూడా అలాగే చెప్పేది. మా అత్తగారూ అంతే! నా కోసం ఖర్చు పెట్టుకోవడం తప్పన్న భయం ఎవరూ నేర్పకుండానే ఒంట్లోకి వచ్చేసింది.

అందుకని జనవరిలో ఒక పందెం వేసుకున్నాను. నెలకి అయిదు వందలు, అదీ నా ఒక్కదాని కోసమే. అందులోంచి ఇంటికని, పిల్లలకని ఒక్క రూపాయి తీయకూడదు. ఖర్చు పెట్టిన ప్రతి పైసా ఇంటి పద్దుల పుస్తకంలోనే, అందరికీ కనబడేటట్టు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. పాలు, గ్యాసు, పనిమనిషి జీతం పద్దుల కింద ఒక గీత గీసి "నా పద్దు" అని రాశాను. రాస్తుంటే చెయ్యి వణికిందంటే నమ్మండి!

ఇక ఈ నెల నాకు నచ్చినవి చెబుతాను, వినండి.

ఆదివారం ఆబిడ్స్

మొట్టమొదట నచ్చింది ప్రయాణం. దానికి ఖర్చేమీ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సదుపాయం 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ చేతిలో పెడతాడు. మలక్‌పేటలో బస్సెక్కి కోఠిలో దిగాను. అక్కణ్ణుంచి ఆబిడ్స్‌కి నడకే. "ఎక్కడికమ్మా ఒక్కదానివే?" అని పక్కింటి పిన్నిగారు అడిగితే "ఊరికే" అన్నాను. ఊరికే వెళ్ళి ఎన్నేళ్ళయిందో!

ఆబిడ్స్ అన్న పేరు ఎలా వచ్చిందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియా దేశీయుడు ఉండేవాడు. ఆయన ఇక్కడ ఒక దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, మనిషి పోయాడు, పేరు మాత్రం పేట మొత్తానికీ మిగిలిపోయింది.

వారమంతా చెప్పుల దుకాణాలతో, బట్టల దుకాణాలతో కిటకిటలాడే ఆ వీధి, ఆదివారం నాడు చాలా షాపులకి షట్టర్లు దించి ఉంటుంది. ఆ మూసిన షట్టర్ల ముందు, పేవ్‌మెంట్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, ఉర్దూ పత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాలు. తెలుగువి అన్నిటికంటే అడుగున ఉంటాయి. చీర కుచ్చెళ్ళు దోపుకుని, గొంతుక్కూర్చుని వెతకాలి. పొద్దున్నే పదింటికల్లా వెళితే ఎండ మీద పడదు. బేరం ఆడాలి గానీ మరీ ఎక్కువ కాదు. వాళ్ళవీ చిన్న బతుకులే.

అక్కడ నాకు రెండు పుస్తకాలు దొరికాయి. ఒకటి పాత వంటల పుస్తకం. రెండోది అచ్చు పుస్తకం కాదు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచుకుని, చివరికి బైండు చేయించుకునేవాళ్ళం, గుర్తుందా? అలాంటిది. మొదటి పేజీ మీద సిరాతో "1986 సంక్రాంతి" అని ఉంది, పేరు లేదు. రెండూ కలిపి ఎనభై రూపాయలిచ్చాను.

దాన్ని సంచీలో పెట్టుకుని తాజ్‌మహల్ హోటల్‌కి వెళ్ళి ఒక్కదాన్నే ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. హోటల్లో ఒంటరిగా కూర్చుని కాఫీ తాగడం నాకు జీవితంలో ఇదే మొదటిసారంటే నవ్వకండి. ఎవరో చూస్తున్నట్టే అనిపించింది. ఎవ్వరూ చూడలేదు. ఫిల్టర్ కాఫీ, నురగతో, గొంతు కాలేంత వేడిగా వచ్చింది. ఆ కాఫీ తాగుతూనే పుస్తకం తిరగేశాను.

అంచుల మీద రాతలు

సీరియల్ సంగతి తరవాత. ఆ పుస్తకంలో నన్ను కట్టి పడేసినవి పేజీల అంచుల మీద పెన్సిల్‌తో రాసుకున్న రాతలు. ఎవరో ఇల్లాలు. ఒకచోట పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ, ఇంకోచోట పండుమిరప కారం కొలత. ఆఖరి అట్ట లోపలి వైపు మాత్రం నాలుగే నాలుగు వరసలు. "నా డబ్బు 14-50. బైండింగు 5-00. రిబ్బను 1-00. ఉన్నది 8-50."

చూశారా! ఆవిడ బైండింగు డబ్బు ఇంటి ఖర్చులో రాయలేదు. పుస్తకం అట్ట వెనక, ఎవరూ తిప్పి చూడని చోట రాసుకుంది. ఆవిడెవరో, ఇప్పుడెక్కడున్నారో నాకు తెలిసే దారి లేదు. కానీ 1986లో ఆవిడ అట్ట వెనక దాచిన పద్దునే నేను ఇన్నేళ్ళూ "తొమ్మిది వందలేనండీ" అంటూ నోటితో దాచాను. నాకు ఉత్తరం రాసిన సోదరికి ఆ అట్ట వెనకైనా చోటు లేదు. కాఫీ చల్లారిపోయింది. అయినా తాగేశాను, డబ్బిచ్చింది కదా!

రుచులు రెండు

తిరుగు దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగాను. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1935లో కట్టించి, తన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టిన మార్కెట్ ఇది. ఒకప్పుడు పళ్ళ బళ్ళతో నిండిపోయేది. 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచాక ఆ రాతి గోడలు, గడియారం గోపురం చూడముచ్చటగా ఉన్నాయి. ఇక్కడి ఐస్‌క్రీం అంగళ్ళలో ఏ కాలానికి ఆ పండుతో చేస్తారు. సీతాఫలం రోజుల్లో సీతాఫలం, వేసవిలో మామిడి. బయట వేసిన కుర్చీలో కూర్చుని ఒక కప్పు తిన్నాను. చిన్నప్పుడైతే నలుగురు పిల్లలకి రెండు కప్పులు కొనేవారు మా నాన్న. పెళ్ళయ్యాక "నాకొద్దు, నువ్వు తిను" అని పిల్లలకి పెట్టేదాన్ని. కప్పు అడుగు కూడా నేనే తినడం ఇదే మొదలు.

రెండో రుచి ఉస్మానియా బిస్కెట్. నాంపల్లి బేకరీల్లో వేడి వేడిగా పెనం దించుతారు. కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా, నోట్లో వేస్తే ఇసకలా జారిపోతుంది. సుభాన్ బేకరీ దగ్గర ఎప్పుడూ జనమే. ఒక చిట్కా చెబుతాను. డబ్బాలో వేసేముందు బిస్కెట్లు పూర్తిగా చల్లారనివ్వాలి. లేకపోతే ఆవిరికి మెత్తబడిపోతాయి. అడుగున కాగితం పరిచి, బిగుతు మూత డబ్బాలో పెడితే వారం పైనే కరకరలాడతాయి. మెత్తబడ్డాయా, పెనం వేడిచేసి దించేసి, దాని మీద అయిదు నిమిషాలు ఉంచండి.

చెవికి నచ్చింది

ఈ నెల టీవీ సీరియళ్ళు రెండు మానేసి మళ్ళీ రేడియో పెట్టాను. వివిధ భారతి, 102.8. నాంపల్లికి కూతవేటు దూరంలో, సైఫాబాద్‌లో ఉంది మన ఆకాశవాణి కేంద్రం. నిజాం రోజుల్లో అది దక్కన్ రేడియో. 1950లో ఆకాశవాణిలో కలిసింది. రేడియోలో నాకు నచ్చేదేమిటంటే, దాని ముందు కూర్చోనక్కర్లేదు. గిన్నెలు తోముతున్నా, కంది పప్పు ఏరుతున్నా పాట మన వెంటే ఉంటుంది. ఫోన్లో కావలసిన పాట పెట్టుకోవచ్చు, నిజమే. కానీ మనం అడగని పాత పాట ఒకటి ఉన్నట్టుండి వస్తే, చేతిలో చెంచా ఆగిపోతుంది చూడండి, ఆ సంబరం వేరు. దీనికి పద్దులో సున్నా రాశాను.

నుమాయిష్

జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటే, హైదరాబాద్ ఆడవాళ్ళు ఇంకెక్కడికి వెళతారు? నెలలో ఒక రోజు ఆడవాళ్ళకే ప్రత్యేకం కూడాను. ఆ రోజు చూడాలి, అత్తా కోడళ్ళు, అక్కా చెల్లెళ్ళు, కాలేజీ పిల్లలు, బురఖాలు, పట్టుచీరలు, జీన్సు ప్యాంట్లు, అందరి చేతుల్లోనూ మొక్కజొన్న పొత్తులు! కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్ పని కుర్తాలు, రాజస్థాన్ చెప్పులు, గాజులు, దుప్పట్లు. మైకులో అరుస్తూ కూరగాయలు పువ్వుల్లా తరిగి చూపించే కుర్రాళ్ళు సరేసరి. అయిదేళ్ళ కిందట అలాంటి ఒక కత్తిపీట కొని ఇంటికి తెచ్చాను. వాళ్ళ చేతిలో ముల్లంగి గులాబీ అయింది. నా చేతిలో క్యారెట్ నుజ్జయి, వేలు తెగింది. ఇప్పుడది అటక మీద ఉంది. కాబట్టి సోదరీ, కొనేముందు "నన్నొకసారి తరగనివ్వు బాబూ" అని అడగండి.

నుమాయిష్ గురించి ఒక సంగతి చెప్పాలి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు, రాష్ట్రం ఆర్థిక స్థితిగతుల మీద సర్వే చేయించడానికి డబ్బు కూడగట్టాలని పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజులు దీన్ని మొదలుపెట్టారు. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలంటారు! 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. మనం టికెట్ కొని, గాజులు కొని, మిర్చి బజ్జీ తిని వచ్చిన డబ్బులో ఖర్చులు పోను మిగిలినది ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థల మీద పెడుతుంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ సొసైటీవే. రెండూ ఆడపిల్లలవి. మా మేనకోడలు ఆ పాలిటెక్నిక్‌లో చదివే ఉద్యోగం తెచ్చుకుంది. మన సరదా ఖర్చు దండగ అనేవాళ్ళకి ఈ మాట చెప్పండి.

2021లో కరోనా వల్ల నుమాయిష్ జరగలేదు. ఆ జనవరి మా ఇంట్లో అందరికీ ఏదో పండగ తప్పిపోయినట్టు అనిపించింది. ఉన్నప్పుడు "ఏముంది, ప్రతి ఏడూ అదే" అంటాం. లేనప్పుడు కదా తెలిసేది.

ఈసారి నేను కొన్నది ఒకటే, వేప చెక్క దువ్వెన, అరవై రూపాయలు. నూనె పట్టించుకుని నెమ్మదిగా దువ్వుకుంటే మాడుకి ఎంత హాయిగా ఉంటుందో. నీళ్ళలో నానబెట్టకండి, చెక్క ఉబ్బుతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, గుడ్డతో తుడిస్తే చాలు.

ఆవిడ పండుమిరప కారం

అంచు మీద రాసిన కొలత చూశాక చెయ్యకుండా ఉండగలనా? ఇది పండుమిరపకి అదను కూడా. ఆవిడ కొలత ఇదీ.

పండుమిరపకాయలు కిలో, గింజలూ ఈనెలూ తీసిన కొత్త చింతపండు పావు కిలో, ఉప్పు పావు కిలో, పసుపు ఒక చెంచా, వేయించి కొట్టిన మెంతిపిండి రెండు చెంచాలు.

కాయలు కడిగి, పొడి గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, నీడలో తడి లేకుండా ఆరబెట్టాలి. తొడిమలు ఆరాకే తియ్యాలి. ముందే తీస్తే లోపలికి నీళ్ళు పోతాయి. కాయలు, ఉప్పు, పసుపు కలిపి కచ్చాపచ్చాగా తొక్కాలి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి. జాడీలో సగం తొక్కు, మధ్యలో చింతపండు, పైన మిగతా తొక్కు వేసి నొక్కి, మూతకి గుడ్డ కట్టాలి. మూడో రోజుకి చింతపండు మెత్తబడుతుంది. అప్పుడు అంతా మళ్ళీ రుబ్బి, మెంతిపిండి కలిపి జాడీకెత్తాలి. కావలసినప్పుడల్లా కాస్త తీసుకుని ఆవాలు, ఇంగువ, వెల్లుల్లితో తాలింపు వేసుకోవడమే. తడి చెయ్యి, తడి చెంచా తగిలించకండి.

వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపి పెడితే, మా వారు రెండో ముద్ద తింటూ "ఏమోయ్, మిరపకాయలు ఇంటి పద్దా, నీ పద్దా?" అన్నారు. "తిన్నవాళ్ళ పద్దు" అన్నాను.

పద్దు ఇదీ

నెలాఖరున ఆయనే పద్దుల పుస్తకం తిరగేశారు. నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడ్డాను. నా పద్దులో ఇలా ఉంది.

బస్సు 0
పుస్తకాలు 80
కాఫీ, ఐస్‌క్రీం, బిస్కెట్లు 240
నుమాయిష్ టికెట్, మిర్చి బజ్జీ, మొక్కజొన్న పొత్తు 110
దువ్వెన 60
రేడియో 0
మొత్తం 490. ఉన్నది 10.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఇన్నాళ్ళూ ఇవి లేవేం?" అన్నారు. "ఉన్నాయండీ, రాయలేదు" అన్నాను. చీరల ధరల సంగతి అప్పుడు చెప్పేశాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "నన్ను చూసి భయపడ్డావా?" అని అడిగారు. కాదన్నాను. కానీ ఆ ప్రశ్నకి సరైన జవాబు నా దగ్గర ఇంకా లేదు.

ఇక ఆ సోదరికి

అమ్మా, మీ ఉత్తరానికి జవాబుగానే ఇదంతా రాశాను. నా అయిదు వందలు మీ చేతిలో లేవని నాకు తెలుసు. "మీరూ ఇలా చెయ్యండి" అని తేలిగ్గా అనేస్తే అది మిమ్మల్ని ఎగతాళి చేసినట్టవుతుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఇంట్లో పొదుపు వేరు, మనిషి చేతికి పైసా అందకుండా చెయ్యడం వేరు. 2005 నాటి గృహ హింస నిరోధక చట్టం కొట్టడం, తిట్టడంతో పాటు డబ్బు విషయంలో పెట్టే బాధని కూడా హింసగానే లెక్కిస్తుంది. మీది అంతదాకా వచ్చిందో లేదో మీకే తెలియాలి. వచ్చిందనిపిస్తే 181 నంబరుకి ఫోన్ చెయ్యండి, అది ఆడవాళ్ళ కోసమే ఉన్న సహాయ కేంద్రం. చెయ్యకపోయినా ఆ నంబరు గుర్తు పెట్టుకోండి.

ఇష్టమైనవి మరిచిపోయానన్నారు కదా. వాటిని గుర్తు తెచ్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. నా పద్దులో సున్నాలు రెండున్నాయి, చూశారుగా. ఒక పాత నోటు పుస్తకంలో రోజుకొక్క వరస రాయండి. పొద్దున్న ముగ్గు బాగా కుదిరింది. దారిలో సన్నజాజి వాసన వచ్చింది. రేడియోలో పాత పాట విన్నాను. నెల తిరిగేసరికి ముప్ఫై వరసలవుతాయి. ఆ ముప్ఫైలో మీకేం ఇష్టమో మీకే తెలుస్తుంది. అవి నాకు రాసి పంపండి. పేరు రాయక్కర్లేదు. ఈ పేజీ మీలాంటి వాళ్ళకి కాదేమో అన్నారు. ముందు మీలాంటి వాళ్ళకే.

మిగతా సోదరీమణులు కూడా మీ ఇంటి పద్దుల పుస్తకంలో ఒక గీత గీసి "నా పద్దు" అని రాసి చూడండి. పది రూపాయలయినా సరే, అట్ట వెనక కాకుండా లోపలి పేజీలోనే రాయండి.

నా దగ్గర మిగిలిన పది రూపాయలు ఈ నెల పద్దులోకి తెచ్చుకున్నాను. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం. అంతవరకూ సెలవు.